ఎంహెచ్‌ఏ చదివి వచ్చిన కొత్తవాళ్లను ఆసుపత్రి నడిపే స్థాయికి ఎలా తయారుచేయాలి?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఓ మాదిరి పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్ (ఎంహెచ్‌ఏ) చదివి కొత్తగా చేరినవాళ్లు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. హోదా ‘మేనేజ్‌మెంట్ ట్రైనీ’ అనో ‘ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్’ అనో ఉంటుంది. చేసే పని మాత్రం పొద్దున్నే సెన్సస్ (ఎన్ని పడకల్లో పేషెంట్లు ఉన్నారన్న లెక్క) పంపడం, ఎక్సెల్ షీట్లు నింపడం, వీఐపీ పేషెంట్ వస్తే వెంట తిరగడం. రెండేళ్లు అలా గడిచాక, జీతం కాస్త ఎక్కువిస్తామన్న పక్క ఆసుపత్రికి వెళ్లిపోతారు. ‘మంచి మేనేజర్లు దొరకడం లేదండీ’ అని యాజమాన్యం మళ్లీ నిట్టూరుస్తుంది. తయారైన మేనేజర్లు బజార్లో దొరకరు మరి.

వంద నుంచి రెండొందల పడకల ఆసుపత్రిని నడిపే సూపరింటెండెంట్లు, ఆపరేషన్స్ హెడ్ల కోసం ఇది రాస్తున్నాను. మొత్తం ఏడాదిన్నర పని. ఖర్చు పెద్దగా ఉండదు కానీ, పైవాళ్ల సమయం మాత్రం పడుతుంది. అది ఇవ్వలేకపోతే మొదలుపెట్టకపోవడమే మేలు.

మొదటి అడుగు: డిపార్ట్‌మెంట్ల వెంట కాదు, పేషెంట్ వెంట తిప్పండి

చాలాచోట్ల ఇండక్షన్ అంటే ఫార్మసీలో వారం, బిల్లింగ్‌లో వారం, ఎంఆర్‌డీలో (పేషెంట్ల రికార్డులు దాచే విభాగం) వారం. అన్నీ చూస్తారు కానీ ఒకదానికొకటి ఎక్కడ అతుక్కుంటుందో, ఎక్కడ ఊడిపోతుందో తెలియదు. దానికి బదులు ఓపీ కార్డు తీసుకున్న దగ్గర్నుంచి ఇంటికెళ్లే వరకు ఒక పేషెంట్ వెంట ఉండమనండి. ఒక ఆపరేషన్ కేసు, ఒక ఎమర్జెన్సీ కేసు, ఒక డయాలసిస్ కేసు, ఒక ఆరోగ్యశ్రీ కేసు తప్పనిసరి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం గురించి తెలియకుండా మన దగ్గర ఆసుపత్రి నడపడం కుదరదు. ప్రీఆథరైజేషన్‌కి, అంటే వైద్యానికి ముందస్తు అనుమతికి, ఏ కాగితం జతచేయాలో, ఏది లేకపోతే క్లెయిమ్ ఆగిపోతుందో కౌంటర్ దగ్గర కూర్చుంటేనే ఒంటబడుతుంది.

ఆపరేషన్ థియేటర్‌లో ఇంకొకటి గమనించమనండి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్ట్ ప్రకారం మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, పేషెంట్ బయటికి వెళ్లే ముందు టీమ్ అంతా ఆగి సరిచూసుకోవాలి. నిజంగా ఆగుతున్నారా, లేక అంతా అయ్యాక ఒకేసారి టిక్కులు పెడుతున్నారా? కాగితం మీది ఆసుపత్రికీ నిజం ఆసుపత్రికీ ఎంత దూరమో కొత్తవాళ్లకు అక్కడ అర్థమవుతుంది.

రెండో అడుగు: డిశ్చార్జి పూర్తిగా వాళ్ల చేతిలో పెట్టండి

నన్నడిగితే శిక్షణంతా ఇక్కడే ఉంది. పొద్దున తొమ్మిదింటి రౌండ్స్‌లో డాక్టరుగారు ‘ఇవాళ ఇంటికెళ్లొచ్చమ్మా’ అంటారు. ఆ తల్లి సంచి సర్దుకుని మంచం మీద కూర్చుంటుంది. సాయంత్రం నాలుగైనా కదలిక ఉండదు. ఈలోపు కింద ఎమర్జెన్సీలో బెడ్ కోసం ఇంకొకరు స్ట్రెచర్ మీదే ఉంటారు.

ట్రైనీకి చెప్పాల్సింది ఇదే: ఓ ఇరవై డిశ్చార్జిలు తీసుకో, ప్రతి దశకూ టైమ్ రాయి. డ్యూటీ డాక్టర్ డిశ్చార్జి సమ్మరీ ఎప్పుడు మొదలుపెట్టారు, కన్సల్టెంట్ కరెక్షన్ ఎప్పుడైంది, వాడని మందులు ఫార్మసీకి ఎప్పుడు రిటర్న్ అయ్యాయి, ల్యాబ్ రిపోర్టు ఏదైనా పెండింగ్ ఉందా, ఫైనల్ బిల్లు ఎప్పుడు పడింది, టీపీఏ డెస్క్ (ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు చూసే కౌంటర్) ఇన్సూరెన్స్‌కి ఎప్పుడు పంపింది.

అందరూ చెప్పే జవాబు ‘ఇన్సూరెన్స్ వాళ్ల వల్లే లేటు’ అని. 2024 మే నెలలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, క్యాష్‌లెస్ అభ్యర్థన అందిన గంటలోపు ఇన్సూరెన్స్ కంపెనీ నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జికి తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. అయితే ఆ గడియారం తిరగడం మొదలయ్యేది మనం కాగితాలు పంపాకే. పొద్దున తొమ్మిదికి ఇంటికెళ్లమన్న పేషెంట్ ఫైలు మధ్యాహ్నం ఒంటిగంటకు పంపితే, ఆ నాలుగు గంటలూ మన ఖాతాలోవే. ఈ సంగతి ట్రైనీ తన కాగితం మీద తానే కనిపెట్టాలి, మీరు ముందే చెప్పేయకండి.

లెక్క తేలాక ఒకే ఒక్క మార్పు చేయమనండి. సాయంత్రం రౌండ్స్ అయ్యాక ‘రేపటి డిశ్చార్జిలు’ జాబితా తయారుచేసి, సమ్మరీ డ్రాఫ్టూ మందుల రిటర్నూ ముందురోజే ముగించడం అలాంటిదే. చిన్న మార్పే, కానీ అమలు చేయాలంటే డాక్టర్లు, నర్సులు, ఫార్మసీ, బిల్లింగ్ నలుగురినీ ఒప్పించాలి. వీళ్లలో ఒక్కరు కూడా అతని కింద పనిచేసేవాళ్లు కారు.

మూడో అడుగు: మాట్లాడటం నేర్పండి

వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌కి ఇరవై ఏళ్ల సర్వీసు ఉంటుంది. పాతికేళ్లు నిండని కుర్రాడు వెళ్లి ‘సిస్టర్, మీ ఫ్లోర్‌లో డిశ్చార్జిలు లేటవుతున్నాయి, చూసుకోండి’ అంటే, ‘అలాగే సార్’ అంటుంది. ఏమీ మారదు. రిటర్న్ మందులు కిందికి పంపడానికి ఆమెకు మనిషి లేడని గమనించి, ‘సిస్టర్, పదకొండింటికి ఫార్మసీ అబ్బాయే పైకి వచ్చి తీసుకెళ్లేలా మాట్లాడాను, రేపట్నుంచి చూద్దామా?’ అంటే సంగతి వేరు.

డాక్టర్లతో ఇంకో పద్ధతి. ‘పాలసీ ప్రకారం...’ అని మొదలుపెడితే పెద్ద సర్జన్ వినరు. ‘సార్, మీ పేషెంట్లు ముగ్గురు ఇంటికెళ్లడానికి రెడీగా ఉన్నారు, సమ్మరీ మీ కరెక్షన్ కోసం ఆగింది, థియేటర్‌కి వెళ్లేముందు ఓసారి చూసేస్తారా?’ అంటే చూస్తారు. మీరు మాట్లాడేటప్పుడు ట్రైనీని పక్కన నిలబెట్టుకోండి, తర్వాత వాళ్లు మాట్లాడేటప్పుడు మీరు పక్కన నిలబడండి. ఇది క్లాసురూములో వచ్చే విద్య కాదు.

నాలుగో అడుగు: అంకెల వెనక మనుషుల్ని చూపించండి

150 పడకలు, 30 రోజులు అంటే 4,500 బెడ్ డేస్. అందులో 3,150 నిండితే ఆక్యుపెన్సీ 70 శాతం. ఆ నెలలో 700 మంది డిశ్చార్జి అయితే సగటున ఒక్కొక్కరు నాలుగున్నర రోజులు ఉన్నట్టు. దాన్ని నాలుగు రోజులకు తెస్తే అవే బెడ్ డేస్‌లో దాదాపు 87 మంది ఎక్కువగా వైద్యం పొందుతారు. కొత్త బ్లాకు కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ముందు ఈ లెక్క వేయగల మేనేజర్ కావాలి. అయితే తొందరపెట్టి ఇంటికి పంపినవాళ్లు వారంలోనే తిరిగొస్తే ఆ లెక్క దండగ. అందుకే సగటు రోజుల పక్కనే రీఅడ్మిషన్ల సంఖ్య కూడా రాయించండి.

లైసెన్సుల ఫైలు అప్పజెప్పడానికి ఒక పూట చాలు: ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి), ఎక్స్‌రే, సీటీలకు ఏఈఆర్‌బీ (అణు ఇంధన నియంత్రణ మండలి) లైసెన్సు, స్కానింగ్ సెంటర్‌కి పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ చట్టం) రిజిస్ట్రేషన్, ఏది ఎప్పుడు రెన్యూవల్ అన్న పట్టిక. చెత్త షెడ్డు దగ్గరికి మాత్రం స్వయంగా నడిపించండి. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం శుద్ధి చేయని వ్యర్థాలను 48 గంటలకు మించి ఉంచకూడదు. పసుపు, ఎరుపు సంచుల్లో ఏవి పడుతున్నాయో ఆయాను అడిగి తెలుసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉంటే, దాని ప్రమాణాల్లోని 10 అధ్యాయాల్లో ఒక్కటి వాళ్ల పేరు మీద రాయండి. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ అయితే ఇంకా మంచిది.

ఐదో అడుగు: రాత్రి డ్యూటీ, అధికారంతో సహా

ఆరు నెలలు దాటాక డ్యూటీ మేనేజర్‌గా రాత్రులు వేయండి. రాత్రి ఒంటిగంటకు రోడ్డు ప్రమాదం కేసు వస్తుంది. వెంట వచ్చినవాళ్ల దగ్గర డబ్బు ఉండదు, పోలీసులు ఇంకా రాలేదు. బిల్లింగ్ అబ్బాయి డిపాజిట్ అడుగుతుంటాడు. ముందు వైద్యం, తర్వాతే ఎమ్మెల్సీ (పోలీసు కేసుతో ముడిపడిన మెడికో లీగల్ కేసు) కాగితాలు అని 1989లో పరమానంద్ కటారా కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట ట్రైనీకి తెలిస్తే చాలదు, ‘డిపాజిట్ సంగతి నేను చూసుకుంటాను, కేసు లోపలికి తీసుకోండి’ అనే అధికారం అతనికి ఉండాలి. ఎంతవరకు రాయితీ ఇవ్వొచ్చు, ఏ కన్సల్టెంట్‌ని నిద్రలేపొచ్చు, మిమ్మల్ని ఎప్పుడు లేపాలి అన్నవి కాగితం మీద రాసివ్వండి.

తెల్లారాక పావుగంట కూర్చుని రాత్రి ఏం జరిగిందో అడగండి. నిర్ణయం మీకు నచ్చకపోతే గదిలోనే చెప్పండి. నలుగురి ముందు తిరగదోడారంటే ఆ తర్వాత ప్రతి చిన్నదానికీ మీకే ఫోన్ వస్తుంది.

కోర్సులు ఎప్పుడు?

హైదరాబాద్‌లో ఆస్కీ (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్), మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ల శిక్షణ సంస్థ లైకో లాంటిచోట్ల మంచి శిక్షణ దొరుకుతుంది. కానీ ఏడాది పని చేశాకే పంపండి. అప్పటికి అడగడానికి వాళ్ల దగ్గర సొంత ప్రశ్నలు ఉంటాయి.

ఏడాదిన్నర ముగిసే సరికి ఒక ఫ్లోరో, ఓపీ మొత్తమో బడ్జెట్‌తో సహా అప్పగించి, హోదా మార్చి, జీతం పెంచండి. ఆ ఉత్తర్వు మూడు నెలలు ఆలస్యం చేస్తే, మీరు తయారుచేసిన మేనేజర్‌కి ఆఫర్ లెటర్ పక్క ఆసుపత్రి నుంచి వస్తుంది.