కోర్టు స్టెనో కావాలంటే షార్ట్‌హ్యాండ్, కోర్టు మాటలు కలిపి నేర్చుకోవడం ఎలా?

కోర్టు స్టెనోగ్రాఫర్ పోస్టు కోసం షార్ట్‌హ్యాండ్ మొదలుపెట్టిన చాలామంది నిమిషానికి 80 మాటల దగ్గర ఆగిపోయి, చెయ్యి తిరగడం లేదని తెగ బాధపడుతుంటారు. నిజానికి అక్కడ ఎక్కువమందిని ఆపేది తెలియని మాట. డిక్టేషన్‌లో "ఎస్టాపెల్" అని వస్తుంది, ఎప్పుడూ విని ఉండరు, ఏమన్నారా అని తడుముకునేలోపు వెనకాల ఆరేడు మాటలు వెళ్లిపోతాయి. కాబట్టి లీగల్ వొకాబులరీ తర్వాత చూద్దాంలే అనుకోకుండా మొదటి నెల నుంచే రెండూ కలిపి నడపండి.

ముందు పునాది. మన దగ్గర ఇంగ్లిష్ షార్ట్‌హ్యాండ్ అంటే ఎక్కువగా పిట్మన్ పద్ధతే, 1837లో ఐజాక్ పిట్మన్ తెచ్చినది. ఇందులో స్పెల్లింగ్‌తో పని లేదు, చెవికి వినపడిన శబ్దాన్నే గీతగా రాస్తాం. చాలా హల్లులు జంటలుగా ఉంటాయి, గీత ఒకటే, సన్నగా గీస్తే "క", ఒత్తి గీస్తే "గ". అంటే "డిక్రీ" రాసేటప్పుడు ఆ గీత కాస్త ఒత్తుగా పడితే అది "డిగ్రీ" అయిపోతుంది! అందుకే బాల్ పెన్ పక్కన పెట్టి పెన్సిల్‌తోనో, ఒత్తిడికి లొంగే పాళీ ఉన్న పెన్నుతోనో రాయండి. స్పీడ్ పెరిగాక అచ్చుల గుర్తులు వదిలేస్తాం, అప్పుడు అవుట్‌లైన్ (ఒక మాటకు రాసే గీతల రూపం) లైనుకి పైన ఉందా, లైను మీద ఉందా, లైనుని కోస్తూ ఉందా అన్నదే మాటను పట్టిస్తుంది, కాబట్టి పొజిషన్ విషయంలో మొదటి రోజు నుంచీ గట్టిగా ఉండండి. గ్రామలాగ్స్ (తరచూ వచ్చే మాటలకు వాడే పొట్టి గుర్తులు) రోజుకు కొన్నే తీసుకుని, ఆలోచించకుండా చేతికి వచ్చేదాకా రాయండి.

తర్వాత ఒక నోట్‌బుక్ విడిగా పెట్టండి. ప్రతి మాటకీ అవుట్‌లైన్, ఇంగ్లిష్ స్పెల్లింగ్, తెలుగులో అర్థం, ఒక వాక్యం. అర్థం ఎందుకంటే "ప్రాసిక్యూషన్", "పెర్సిక్యూషన్" లాంటి మాటల్లో హల్లులు అవే, అవుట్‌లైన్ కాస్త అటూఇటూ అయినా టైప్ చేసేటప్పుడు సందర్భమే మిమ్మల్ని కాపాడాలి. ఈ మాటల్ని అక్షర క్రమంలో బట్టీ పట్టకండి, కేసు నడిచే వరుసలో నేర్చుకోండి: ప్లెయింట్ (వాది దావా), రిటెన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది జవాబు), ఇష్యూస్ (తేల్చాల్సిన అంశాలు), చీఫ్ (సాక్షిని పిలిచినవాళ్లు చేసే విచారణ), క్రాస్ (ఎదుటివాళ్లు వేసే ప్రశ్నలు), ఎగ్జిబిట్లు (సాక్ష్యంగా పెట్టిన పత్రాలు), జడ్జిమెంట్, డిక్రీ (తీర్పు ప్రకారం వచ్చే ఉత్తర్వు), చివరికి ఎగ్జిక్యూషన్ పిటిషన్ (డిక్రీ అమలు కోసం వేసేది). వాది తరఫు పత్రాలు ఏ-1, ఏ-2 అనీ, ప్రతివాదివి బీ-1, బీ-2 అనీ మార్క్ అవుతాయని తెలిసినవాళ్లకి డిక్టేషన్‌లో ఆ నంబర్లు వచ్చినప్పుడు టెన్షన్ ఉండదు.

ఇన్‌స్టిట్యూట్‌లో పెద్దగా చెప్పనిది ఇంకోటుంది. మన కోర్టుల్లో సాక్షి తెలుగులో చెప్తే జడ్జి గారు ఇంగ్లిష్‌లో డిక్టేట్ చేయడం మామూలే, కానీ ఆ ఇంగ్లిష్‌లో అడంగల్, పహాణీ (భూమి రికార్డులు), పంచనామా, ఇంటిపేర్లు, ఊరి పేర్లు అలాగే ఉంటాయి. ఏ పాఠ్యపుస్తకంలోనూ వాటికి అవుట్‌లైన్ దొరకదు. మీ జిల్లా మండలాల పేర్లు, చుట్టుపక్కల ఇంటిపేర్లు తీసుకుని అవుట్‌లైన్లు ముందే తయారుచేసి పెట్టుకోండి, ఇది నేను ఎవరికైనా గట్టిగా చెప్పే సలహా.

సెక్షన్లు కూడా వొకాబులరీయే. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి, హత్యకు ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 302 బదులు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103. అంతకుముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి ఇంకా చాలా ఏళ్లు రెండూ వినాల్సిందే. ముఖ్యంగా 482 దగ్గర జాగ్రత్త: సీఆర్‌పీసీలో (పాత నేర విచారణ చట్టం) అది కేసు కొట్టేయమని హైకోర్టుకి వెళ్లే సెక్షన్, దాని స్థానంలో వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్‌లో అదే నంబరు ముందస్తు బెయిల్‌ది, కొట్టివేత 528కి వెళ్లింది. నంబర్ ఒక్కటే రాసుకుని చట్టం పేరు వదిలేస్తే మొత్తం ఆర్డరే తారుమారవుతుంది.

డిక్టేషన్‌కి మెటీరియల్ కొనక్కర్లేదు, ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో జిల్లా కోర్టుల తీర్పులు ఉచితంగా ఉన్నాయి. ఒక తీర్పులోంచి 400 మాటల ముక్క తీసుకుని, మీ గొంతుతోనే ఫోన్‌లో ఐదు నిమిషాలకు సరిపోయేలా రికార్డ్ చేస్తే 80 స్పీడ్ వచ్చినట్టే. రాసే ముందు అందులో కష్టమైన మాటలు, "లెర్నెడ్ కౌన్సెల్ ఫర్ ది పిటిషనర్", "బియాండ్ రీజనబుల్ డౌట్" లాంటి ఫ్రేజులు విడిగా ప్రాక్టీస్ చేయండి. అదే ముక్క తప్పుల్లేకుండా వచ్చాకే కాస్త వేగం పెంచండి, మధ్య మధ్యలో అసలు చూడని ముక్క కూడా తీసుకోండి.

రాసినదాన్ని మర్నాడు చదవండి. అదే రోజు చదివితే గుర్తున్నదే చదువుతారు, గీతలు కాదు. ఆగిన ప్రతి మాటా నోట్‌బుక్‌లోకి ఎక్కాలి. టైపింగ్ కూడా గడియారం పెట్టుకునే చేయండి. ఎస్ఎస్‌సీ (కేంద్ర స్టాఫ్ సెలక్షన్ కమిషన్) స్టెనో గ్రేడ్ డీ పరీక్షలో 80 స్పీడ్‌తో పది నిమిషాల ఇంగ్లిష్ డిక్టేషన్‌ని కంప్యూటర్‌లో 50 నిమిషాల్లో ఎక్కించాలి, దాన్ని కొలతగా పెట్టుకోవచ్చు. కోర్టు పోస్టులకు ఎంత స్పీడ్, రాష్ట్ర టెక్నికల్ బోర్డు ఇచ్చే షార్ట్‌హ్యాండ్ సర్టిఫికెట్ ఏ గ్రేడ్‌ది కావాలి అన్నది మాత్రం ఎప్పటికప్పుడు ఆ నోటిఫికేషన్‌లోనే చూసుకోండి.