రెసిస్టివిటీ బొమ్మను నునుపు చేయండి, డైకును మాత్రం చెరపొద్దు

అనంతపురం గ్రానైట్ మీద రెసిస్టివిటీ టోమోగ్రఫీ (నేలలోకి కరెంటు పంపి, లోపలి రాయి దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలవడం) చేసి ఇన్వర్షన్ (ఆ కొలతల నుంచి నేల లోపలి బొమ్మను గళ్లుగా లెక్కగట్టడం) నడిపితే బొమ్మలో అక్కడక్కడా ఒంటరి నీలం చుక్కలు, అంటే కరెంటు తేలిగ్గా పోయే చోట్లు, కనిపిస్తాయి. బోరు కోసం ఎదురుచూసే రైతు ఆ చుక్క మీద వేలు పెట్టి "ఇక్కడేనా సార్ నీళ్లు?" అని అడగకముందే దాని సంగతి తేల్చుకోవాలి.

ముందు రీడింగులు చూడండి. ఎండాకాలం ఎర్రనేలలో ఎలక్ట్రోడ్ సరిగా ఆనదు, కడ్డీ దగ్గర ఉప్పునీళ్లు పోస్తే కొంత నయం. అలా వచ్చిన చెడ్డ రీడింగులను ఇన్వర్షన్‌కు ముందే తీసేయాలి, లేదంటే అవి చుట్టుపక్కల గళ్లనూ పాడుచేస్తాయి, ఆ తర్వాత నునుపు చేసే ఏ ఫిల్టరూ వాటిని బాగుచేయలేదు.

ఫిల్టర్ వేసేది లాగ్ (సంవర్గమాన) విలువల మీద. 100, 10,000 ఓం-మీటర్లకు మామూలు సగటు 5,050. లాగ్‌లో తీస్తే 1,000. మామూలు సగటులో గట్టిరాయే గెలుస్తుంది, పగుళ్ల జాడ పోతుంది.

గాసియన్ (చుట్టుపక్కల గళ్ల సగటు తీసి, దగ్గరి వాటికి ఎక్కువ బరువిచ్చే ఫిల్టర్) జోలికి నేనైతే పోను. చాలా ఇన్వర్షన్ ప్రోగ్రాములు ముందే నునుపు చేసి ఇస్తాయి, దానిమీద మళ్లీ గాసియన్ వేస్తే మెత్తరాయికీ గట్టిరాయికీ మధ్య హద్దు పలచబడిపోతుంది. పైగా ఖాళీ మూలల్లో నాన్ (విలువ లేదని చెప్పే గుర్తు) విలువలుంటే అవి లోపలికి పాకుతాయి. సైపైలో (పైథాన్ లెక్కల లైబ్రరీ) మీడియన్ ఫిల్టర్, 3×3 గళ్ల విండో చాలు: 9 విలువలను వరుసగా పేర్చి 5వది తీసుకుంటుంది, ఒంటరి చుక్క పోతుంది, హద్దు చాలావరకు నిలుస్తుంది. లోతుకు పోయేకొద్దీ గళ్లు పెద్దవవుతాయి కాబట్టి ముందు సమానమైన గళ్లలోకి మార్చుకోండి.

అసలు చిక్కు డైకులతోనే, అంటే పాత రాయి పగుళ్లలోకి శిలాద్రవం దూరి గట్టిపడిన గోడలతో. మన దగ్గర డోలరైట్ డైకులు సన్నగా, నిలువుగా ఉంటాయి, భూగర్భజలానికి అడ్డుకట్ట వేసేది చాలాచోట్ల అవే. డైకు 1 గడి వెడల్పే ఉంటే 3×3 విండోలో దాని వాటా 9లో 3, అంటే ఆనవాలు లేకుండా పోతుంది. 2 గళ్లుంటే 6, బతుకుతుంది. సన్నటి డైకు ఉందని అనుమానముంటే 3 వరుసలు, 1 నిలువు వరుస ఉన్న విండో వాడండి.

చివరగా అసలు దాంట్లోంచి ఫిల్టర్ చేసినదాన్ని తీసేసి, ఆ తేడాను బొమ్మగా చూడండి. చిందరవందర చుక్కలుంటే సరే, గీతలూ పొరలూ కనిపిస్తే ఫిల్టర్ ఎక్కువైనట్టే, విండో తగ్గించండి. రిపోర్టులో రెండు బొమ్మలూ పెట్టండి, కానీ ఫిల్టర్ చేసినదాని కింద పాత ఆర్ఎంఎస్ అంకె (కొలతలకూ మోడల్‌కూ ఉన్న తేడా) రాయొద్దు, అది అసలు మోడల్‌ది.