బాయిలర్ పనితనం – నాలుగో పాఠం: పంపు ముందా, ట్యాంకు ముందా?

పోయిన మూడు పాఠాల్లో ఇంటికి ఎంత వేడి కావాలో లెక్క కట్టాం. ఏ గదికి ఎన్ని అడుగుల బేస్‌బోర్డు (గోడ వారన వేడినీళ్ళు తిరిగే హీటరు) పడుతుందో తేల్చాం. బాయిలర్ సైజు ఎంచుకున్నాం. ఇవాళ బేస్‌మెంట్‌లోకి దిగుదాం. బాయిలర్ చుట్టూ ఆరడుగుల మేర ఉండే పైపులు, వాల్వులు, పంపు, ట్యాంకు చూస్తే చాలు, పనివాడి చెయ్యి ఏపాటిదో తెలిసిపోతుంది. ఎవరు కొన్నా పెట్టెలోంచి వచ్చేది అదే బాయిలర్. తేడా అంతా దాని చుట్టూనే.

మన ఊళ్ళో ఈ విద్యతో పని పడదు. ఒక గీజరు, రెండు రగ్గులు ఉంటే చలికాలం గడిచిపోతుంది. న్యూజెర్సీలోనో మసాచుసెట్స్‌లోనో పాత ఇల్లు కొన్నవాళ్ళకే, గోడ వారన వేడినీళ్ళు తిరుగుతూ ఇల్లు వెచ్చబెట్టే ఈ ఏర్పాటు ఎదురవుతుంది. వాళ్ళకోసమే ఈ పాఠాలు.

ఒక్క హద్దు గీసుకుందాం. గ్యాస్ లైను, పొగగొట్టం జోలికి మనం పోం. సరిగ్గా కాలని గ్యాస్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. మసాచుసెట్స్‌లో అయితే సొంత ఇంట్లో కూడా యజమాని గ్యాస్ పని చేసుకోకూడదు. మిగతా పనికి కూడా ముందు మీ టౌన్‌షిప్ ఆఫీసులో పర్మిట్ సంగతి కనుక్కోండి.

ఇక అసలు విషయం. మా ఇంట్లో కొత్త బాయిలర్ పెట్టించిన మొదటి చలికాలం, మేడమీద చివరి పడకగదిలో రాత్రిళ్ళు గళగళమని చప్పుడు. అప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది. "గోడలో ఎవరో పుక్కిలిస్తున్నార్రా" అనేది. పైపుల్లో గాలి చేరిందన్నమాట. ప్రతి ఆదివారం బ్లీడర్ (గాలి వదిలే చిన్న వాల్వు) తిప్పి గాలి తీసేవాణ్ణి, మళ్ళీ ఆదివారానికి మామూలే. పెట్టినవాళ్ళు రెండుసార్లు వచ్చారు, వాళ్ళూ గాలి తీసి వెళ్ళారు. గాలి ఎక్కడినుంచి వస్తోందని మాత్రం ఎవరూ చూడలేదు.

అది పట్టుకోవాలంటే ఒత్తిడి లెక్క రావాలి. డాబా మీద నీళ్ళ ట్యాంకు మనకు తెలిసిందే. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే కింద కుళాయిలో ధార అంత జోరు. లెక్కలో చెప్పాలంటే 2.31 అడుగుల ఎత్తు నీళ్ళు ఒక పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) ఒత్తిడి ఇస్తాయి. బాయిలర్ మీటరు దగ్గర 12 పీఎస్ఐ ఉందనుకోండి. అక్కడికి 20 అడుగుల పైన ఉన్న మేడగదిలో ఎంత మిగులుతుంది? 20 అడుగులు ఎక్కడానికే 8.7 ఖర్చు, మిగిలింది 3.3. పంపు ఆగి ఉన్నప్పటి సంగతి ఇది.

ఇప్పుడు పంపు వేద్దాం. అది 6 పీఎస్ఐ తేడా పుట్టించే పంపు అనుకుందాం. చాలామంది ఏమనుకుంటారంటే, పంపు ముందుకు తోస్తుంది కాబట్టి ముందున్న పైపులో ఒత్తిడి 6 పెరుగుతుందని. పెరగొచ్చు. లేదా వెనక పైపులో 6 తగ్గొచ్చు. ఏది జరుగుతుందన్నది ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ఎక్కడుందో చూసి చెప్పాలి.

ట్యాంకు అంటే ఇనపడబ్బా, లోపల రబ్బరు పొర, పొరకు ఒకవైపు నీళ్ళు, ఒకవైపు గాలి. 60 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 180కి కాగితే నీళ్ళు దాదాపు నూటికి మూడు పాళ్ళు ఉబ్బుతాయి. లైన్లలో 15 గ్యాలన్లుంటే ఒకటిన్నర లీటరు పైచిలుకు నీళ్ళకు చోటు కావాలి, ఆ చోటు ఈ ట్యాంకు. ట్యాంకులో ఒత్తిడి మారాలంటే అందులో గాలి నలగాలి, లేదా సాగాలి. గాలి నలగాలంటే నీళ్ళు కొత్తగా వచ్చి చేరాలి. మూసి ఉన్న లైన్లలో పంపు కొత్త నీళ్ళు పుట్టించదు, ఉన్నవాటిని మింగదు. అందువల్ల పంపు తిరిగినా ఆగినా, ట్యాంకు కలిసిన చోట ఒత్తిడి కదలదు. ఈ ముక్కను 1960ల్లో బెల్ అండ్ గాసెట్ కంపెనీ ఇంజనీరు గిల్ కార్ల్‌సన్ విడమరిచి చెప్పాడు. ఇన్నేళ్ళయినా దీనికి ఎదురు పెట్టిన బేస్‌మెంట్లు కనిపిస్తూనే ఉంటాయి.

మా ఇంట్లో పంపు రిటర్న్ పైపు మీద ఉంది. ఇల్లంతా తిరిగొచ్చిన నీళ్ళను బాయిలర్‌లోకి, దాని వెనకే ఉన్న ట్యాంకు వైపుకి తోస్తోంది. ట్యాంకు దగ్గర ఒత్తిడి కదలదు కాబట్టి ఆ 6 మొత్తం, నీళ్ళు పైపులతో రాసుకుంటూ పోయే దారిపొడవునా, తరుగుగానే పడాలి. మేడమీద చివరి గదికి వచ్చేసరికి తరుగులో మూడింట రెండు వంతులు, అంటే 4, అయిపోయి ఉంటుంది. 3.3లోంచి 4 తీసేస్తే సున్నాకి కిందికి. బయటి గాలి కన్నా లోపల ఒత్తిడి తక్కువ. గాలి బయటికి పంపాల్సిన ఆటోమేటిక్ వెంటు కాస్తా లోపలికి పీల్చడం మొదలుపెట్టింది. అమ్మకు వినబడిన పుక్కిలింత అదే!

అదే పంపును ట్యాంకు దాటాక పెడితే? చివరి గదిలో 3.3కి పంపు ఇచ్చే 6 కలుస్తుంది, తరుగు 4 పోతుంది, 5.3 మిగులుతుంది. అదే పంపు, అవే పైపులు. చోటు మార్చాక ఆ గదిలో బ్లీడర్ ముట్టుకునే పని పడలేదు.

కాబట్టి వరస ఇది: బాయిలర్‌లోంచి వేడినీళ్ళు బయటికి రాగానే గాలి విడదీసే సెపరేటర్, దాని అడుగున ట్యాంకు, ఆ తర్వాత పంపు, ఆపైన ఇల్లు. కొత్త నీళ్ళు నింపే వాల్వును కూడా ట్యాంకు కలిసే చోటే కలపాలి. పంపు పీల్చే వైపు ఇంకెక్కడో కలిపితే, పంపు తిరిగినప్పుడల్లా అక్కడ ఒత్తిడి పడిపోయి, నీళ్ళు తగ్గాయనుకుని అది అనవసరంగా నింపుతుంది.

సెపరేటర్ మొదట్లోనే ఎందుకంటే, స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు మరగకముందే గోడలకు సన్నటి బుడగలు అంటుకుంటాయి కదా. నీళ్ళలో కరిగి ఉన్న గాలి వేడికి విడిపోయి వస్తుంది. సోడా మూత తీయగానే బుడగలు లేవడం కూడా అలాంటిదే, ఒత్తిడి తగ్గితే కరిగినది పైకొస్తుంది. నీళ్ళు బాగా వేడెక్కి, ఇంకా పంపు ఒత్తిడి తగలని చోటు బాయిలర్ మూతి. గాలిని అక్కడే పట్టాలి.

గోడకు తగిలించే కొత్తరకం కండెన్సింగ్ బాయిలర్లలో కొన్నిటికి పంపు లోపలే ఉంటుంది. అప్పుడు కంపెనీ పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటే అలాగే చెయ్యండి, నా మాట పక్కన పెట్టండి.

ట్యాంకు బిగించే ముందే గాలి చూసుకోండి. కింద కారు టైరుకున్నట్టే వాల్వు ఉంటుంది, టైరు గేజితోనే కొలవచ్చు. చల్లగా లైన్లో ఎంత నింపబోతున్నారో అంతే ఉండాలి, మన లెక్కలో 12. తక్కువుంటే సైకిల్ పంపుతో కొట్టండి. లైన్లో నీళ్ళ ఒత్తిడి ఉండగా కొలిస్తే ఆ అంకెకు అర్థం లేదు.

ఇక టంకం. చిన్నప్పుడు మా వీధి కంసాలి కుంపటి ముందు కూర్చుని చూసిన పనే ఇక్కడ అక్కరకొచ్చింది. ఆయన వెలిగారం అద్దేవాడు, ఇక్కడ డబ్బాలో ఫ్లక్స్ పేస్టు. ఒడుపు మాత్రం ఒకటే: మసి, జిడ్డు ఉన్నచోట టంకం అంటదు. ముప్పావు అంగుళం రాగిపైపు కోశాక లోపలి అంచున లేచిన గరుకు తీసెయ్యాలి. పైపు కొసను ఎమరీ గుడ్డతో కొత్త రాగిచెంబులా తళతళలాడేదాకా రుద్దాలి. ఎల్బో (పైపును మలుపు తిప్పే ముక్క) లోపల బ్రష్షు తిప్పాలి. ఆ తర్వాత వేలు తగలనివ్వొద్దు. ఫ్లక్స్ పలచగా పూసి, దూర్చి, ఒకసారి తిప్పాలి.

మంట ఎల్బో మీద పెట్టాలి, టంకం తీగ మీద కాదు. ఫ్లక్స్ చిటపటలాడి నీరయ్యాక మంటకు అవతలి వైపు తీగ ఆనించి చూడండి. కరగకపోతే ఇంకాసేపు ఆగండి. వేడి చాలిందంటే తీగ తాకగానే కరిగి సందులోకి జారిపోతుంది, మంట ఉన్న వైపుకి తనే పాకుతుంది. ముప్పావు అంగుళం అతుకుకు ముప్పావు అంగుళం తీగ చాలు. చుట్టూ వెండిగీత కనబడగానే తీసెయ్యండి. చుక్కలు కారాయంటే ఎక్కువైనట్టు. రాగి నల్లబడితే ఫ్లక్స్ మాడినట్టు, ఆ అతుకు విప్పి మళ్ళీ శుభ్రం చేసుకోవాల్సిందే. చల్లారేదాకా కదపకండి, తర్వాత తడిగుడ్డతో తుడిచెయ్యండి. మిగిలిన ఫ్లక్స్ రాగిని తిని పచ్చని మరకలు తెస్తుంది.

పంపుకు రెండు వైపులా మూసుకునే వాల్వులున్న ఫ్లాంజీలు (పంపును పైపుకు బోల్టులతో బిగించే పట్టీలు) పెట్టండి. లేకపోతే పంపు పాడైన రోజు ఇంట్లో నీళ్ళన్నీ దింపాలి. పంపు ఇరుసు నేలకు సమంగా పడుకుని ఉండాలి, వంటిమీది బాణం ఇంటివైపు చూడాలి. రిలీఫ్ వాల్వు గొట్టం సన్నం చెయ్యకూడదు, దానికి వాల్వు పెట్టకూడదు, కొసకు మర కూడా ఉండకూడదు. కారుతోందని ఎవరో ఒకరు మూత బిగిస్తారు! 30 పీఎస్ఐ దాటినప్పుడు తెరుచుకోవాల్సిన దారి అది.

వచ్చే పాఠానికి ముందు ఒక పని. మీ బేస్‌మెంట్‌లోకి వెళ్ళి బాయిలర్‌నుంచి పైపు వెంట వేలు పెట్టి నడుస్తూ, దారిలో ఏది ముందు, ఏది తర్వాత అని కాగితం మీద బొమ్మ గియ్యండి. పైపులు వేడిగా ఉంటే తాకకండి. పంపు బాణం ఏ వైపుందో బొమ్మలో చూపించండి. చల్లగా ఉన్నప్పుడు మీటరు ఎంత చూపిస్తోంది, బాగా కాగాక ఎంత, రెండు అంకెలూ పక్కన రాయండి. 12 కాస్తా 18, 20 అయితే మామూలే. 30 దగ్గరికి పోతుంటే ట్యాంకును వేలితో తట్టి చూడండి. ట్యాంకు పైన కలిసి కిందికి వేలాడుతుంటే, అడుగు భాగం డొల్లగా మోగాలి. పైనుంచి కిందిదాకా మొద్దుచప్పుడే వస్తే లోపలి పొర చిరిగి నీళ్ళు నిండి ఉంటాయి. ఆ బొమ్మ దాచండి, ఐదో పాఠంలో లైన్లు నింపి గాలి వెళ్ళగొట్టేటప్పుడు అదే ముందు పెట్టుకుని మొదలుపెడతాం. ఒక గార్డెన్ హోసు, ఒక బకెట్ కూడా సిద్ధం చేసుకోండి.