పాత దస్తావేజుతో ఒక చరిత్ర పాఠం

ఎనిమిదో తరగతి పిల్లలకి చరిత్ర మూలాధారాలు, అంటే ఆ కాలంలోనే రాసిన కాగితాలు, శాసనాల్లాంటివి, పరిచయం చేయాలంటే గోదావరి జిల్లాల్లో వెతుక్కోనక్కర్లేదు. చాలా ఇళ్లలో బీరువా అడుగున పాత క్రయ దస్తావేజులు మడతపెట్టి ఉంటాయి. పాఠానికి ఒక్కటి చాలు. 1953కి ముందుదైతే మరీ మంచిది: అణాలు, మద్రాసు రాష్ట్రం అన్నీ అందులోనే కనిపిస్తాయి.

అసలు కాగితాన్ని బడికి తెప్పించొద్దు. ఇంటివాళ్లని అడిగి, పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా అక్కడే ఫొటో తీసుకోండి. చిరుగులకి టేపు వేయకండి, జిగురు మరకై కాగితం పాడవుతుంది. పేర్లు, కులం, సర్వే నంబరు మూసేయండి. ఊరు చిన్నది, ఎవరి చేనో ఇట్టే తెలిసిపోతుంది. దావా నడుస్తున్న పొలం కాగితమైతే జోలికే పోవద్దు.

ఏ3 సైజులో నలుగురికొక ప్రతి ఇచ్చి, పంక్తులకి నంబర్లు వేయండి. గొలుసుకట్టు (అక్షరాలు కలిపి రాసే) రాతైతే ఎనిమిది పది పంక్తులు మాత్రమే అచ్చక్షరాల్లో ఇవ్వండి. మొత్తం రాసిస్తే ఇక ఫొటో వంక ఎవరూ చూడరు.

మొదటి పది నిమిషాలు చదవనివ్వకండి, చూడనివ్వండి: స్టాంపు మీద ఎవరి బొమ్మ? సంతకమా, వేలిముద్రా? తర్వాత హద్దులు. పాఠానికి ప్రాణం ఇక్కడే ఉంది, ఇరవై నిమిషాలు పోయినా నష్టం లేదు. తూర్పు పుంత (బళ్ల దారి), దక్షిణం పంట బోదె (చేలకి నీళ్లు తెచ్చే చిన్న కాలువ)... ఇలా ఉన్నదాన్ని పటంగా గీయించండి. దస్తావేజులో తూర్పు ముందుంటుంది కాబట్టి కొందరు దాన్ని కాగితం పైభాగాన పెట్టేస్తారు. ఉత్తరం బాణం గుర్తు ముందే వేయించండి. గీశాక ఒకే ప్రశ్న: ఈ బోదెలోకి నీళ్లెక్కడివి? ధవళేశ్వరం ఆనకట్ట పని కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852కి పూర్తయింది. 1830 నాటి కాగితమైతే ఈ హద్దు ఇలాగే ఉండేదా? పాఠ్యపుస్తకంలోని ఆనకట్ట అప్పుడు వాళ్ల చేలోకి వస్తుంది.

రెండు చోట్ల పిల్లలు బోల్తా పడతారు. తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే తేదీ తేలదు: ప్రభవ 1927లోనూ వచ్చింది, 1987లోనూ వచ్చింది. స్టాంపు, అణాలు చూసి తేల్చమనండి. రెండోది ధర. స్టాంపు ఖర్చు ధరని బట్టి పెరుగుతుంది కాబట్టి తక్కువ రాయించుకునేవాళ్లూ ఉంటారు. అందుకని "అప్పట్లో ఎకరం ఇంత" అని ఒక్క కాగితంతో రాయనివ్వకండి.

మిగిలిన సమయంలో కాగితంలో లేనివాళ్లెవరో అడగండి. ఆ చేలో దుక్కి దున్నిందెవరు, నాట్లు వేసిందెవరు? దస్తావేజు చెప్పదు.

మార్కులు జవాబుకి కాదు, పక్కన వేసిన పంక్తి నంబరుకి ఇవ్వండి. ఇది అలవాటయ్యాక ద్రాక్షారామం తీసుకెళ్లొచ్చు. అక్కడి శాసనాల శక సంవత్సరానికి 78 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. అక్షరాలు కనబడటంలేదని రాతి మీద సుద్ద, నూనె, పిండి రాయనివ్వకండి. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుంటే చాలు.