సారం పోయిన ఎర్రచెల్కను పశువుల మేతబీడుగా మార్చడం

ఏళ్ల తరబడి వేరుశనగే వేసిన ఎర్ర నేలకు అంజన్ గడ్డి, స్టైలో హెమాటా కలిపి వేయడం మంచి మందు. గడ్డి వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి, పప్పుజాతి స్టైలో నత్రజనిని అందిస్తుంది.

వేసవి జల్లులకు వాలుకు అడ్డంగా దున్ని, గట్లు సరిచేయండి. ఎకరానికి 4 టన్నుల చివికిన పశువుల ఎరువు, 125 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేయండి. భాస్వరం తగ్గితే స్టైలో ఎదగదు.

ఎకరానికి అంజన్ 2 కిలోలు, స్టైలో 2 కిలోలు చాలు. స్టైలో గింజ పెంకు గట్టిది, నానబెట్టినంత మాత్రాన మొలవదు. 80 డిగ్రీల వేడినీళ్లలో 4 నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్లలో ముంచి నీడన ఆరబెట్టాలి. తెర్లే నీళ్లలో వేస్తే గింజ చస్తుంది. అంజన్ విత్తనం కొత్తది కొనకండి, కోసి ఆరేడు నెలలైనది బాగా మొలుస్తుంది. నూగుతో తేలిపోయే గింజ కాబట్టి తడి ఇసుకలో కలిపి చల్లాలి.

జూన్, జూలైలో నేల బాగా తడిశాక చల్లి, పైన ముళ్లకంప ఒక్కసారి లాగితే సరి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: గుంటక తోలితే గింజ సెంటీమీటరు కన్నా లోతుకు పోయి పైకి రాదు.

మొలిచాక వయ్యారిభామను పూతకు ముందే పీకేయండి. మొదటి ఏడాది పశువును దించవద్దు, లేత దుబ్బు వేళ్లతో సహా ఊడొస్తుంది. గింజ రాలాక, నేలకు జానెడులో సగం ఎత్తు వదిలి కోసి మేపండి. రెండో ఏటి నుంచి బీడును నాలుగు మడులు చేసి, ఒకటి మేస్తుంటే మూడింటిని వదిలేయాలి.