గోదావరి డెల్టాలో ఒక్క రోజు: సంతలు ముందు, గుళ్లు తరువాత

హైదరాబాదు నుంచో విదేశాల నుంచో వచ్చిన బంధువులకు ఒక్క రోజులో మన ప్రాంతాన్ని చూపించే బాధ్యత మీ మీద పడినప్పుడు, ఎక్కడెక్కడికి వెళ్లాలన్నది తేల్చుకోవడానికి ముందే ఎక్కడ ఏ వేళకు ఉండాలన్నది తేల్చుకోవాలి. పూల మార్కెట్టు, అరటి మార్కెట్టు తెల్లవారుజామున కళకళలాడి, ఎండ ముదిరేసరికి సద్దుమణుగుతాయి. గుళ్లు చాలావరకు మధ్యాహ్నం పన్నెండు దాటగానే తలుపులు వేసి, మూడుకో నాలుగుకో మళ్లీ తీస్తారు. ఈ రెండింటినీ పట్టించుకోకుండా ముందుగా గుడికి బయలుదేరినవారు ఖాళీ మార్కెట్టునూ మూసిన తలుపులనూ చూసి తిరిగి వస్తారు. అందువల్ల తెల్లవారుజామున మార్కెట్లు, పన్నెండులోపు ఒక గుడి, నడి ఎండలో నీడపట్టున ఒక పని, సాయంత్రం మిగిలిన గుళ్లు అన్న వరుసను పాటించడం మేలు.

గుళ్లు మూడుకు మించకుండా చూసుకోవాలి. ఒకే రోజులో పంచారామాలన్నీ చూపించమని పట్టుబట్టే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు; వాటిలో అమరావతి కృష్ణ ఒడ్డున ఉన్నదనీ, అలా తిరిగితే రోజంతా వాహనంలోనే గడుస్తుందనీ వారికి ముందురోజు రాత్రే నచ్చజెప్పాలి. కార్తిక సోమవారాల్లో ఈ యాత్ర పెట్టుకోకపోవడమే మంచిది. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద భయం ఉంటుంది కనుక, చలి తగ్గి ఎండలు ఇంకా ముదరని మాఘ మాసం అన్ని విధాలా అనుకూలం. పదిమందికి మించితే రెండు కార్ల కంటే ఒక టెంపో ట్రావెలర్ నయం. దారిలో మీరు చెప్పే మాట అందరికీ ఒకేసారి వినిపిస్తుంది.

రాజమహేంద్రవరం నుంచి చీకటితోనే బయలుదేరితే, జాతీయ రహదారి మీదున్న కడియపులంకకు పూలు దిగే వేళకు చేరవచ్చు. చామంతి, బంతి, లిల్లీ, కనకాంబరం, కాలాన్ని బట్టి మల్లె అక్కడ బస్తాల్లోనూ గంపల్లోనూ వచ్చి, మూరల లెక్కన కాకుండా కిలోల లెక్కన చేతులు మారతాయి. రోజంతటి పూజలకు కావలసిన పూలు ఇక్కడే కొని, తడిపిన అరటాకులో చుట్టి వాహనంలో నీడపట్టున పెట్టించండి. నడవలేని పెద్దవారిని ఆ తోపులాటలోకి దింపవద్దు. మొక్కల మీద మోజున్నవారు పక్కనున్న కడియం నర్సరీలలోకి వెళితే పూట పూటంతా అక్కడే గడిచిపోతుంది కనుక, దానికి వేరే రోజు కేటాయిస్తామని మాట ఇచ్చి ముందుకు సాగడమే తెలివైన పని.

జొన్నాడ దగ్గర గోదావరి పాయ అయిన గౌతమి మీది వంతెన దాటుతున్నప్పుడు వాహనం వేగం తగ్గించమని చెప్పి, ధవళేశ్వరం ఆనకట్ట గురించి చెప్పవచ్చు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్టా, దాని నుంచి తీసిన కాలువలూ లేకపోతే, ఈ రోజు మీరు చూడబోయే అరటి తోటలకూ వరి చేలకూ ఈ పచ్చదనం ఉండేది కాదు. ఇప్పుడున్న బ్యారేజి పాత ఆనకట్ట స్థానంలో తరువాత కట్టినదే. ఊరూరా గుర్రం మీద కూర్చున్న తెల్లదొర విగ్రహం ఎందుకుందని పిల్లలు ఎలాగూ అడుగుతారు. జవాబు ముందే చెప్పినట్టవుతుంది.

వంతెన దిగగానే రావులపాలెం. అరటి మార్కెట్టులో కనీసం గంటసేపు ఉండండి, ఎందుకంటే ఈ రోజు మొత్తం మీద బయటివారిని ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఇదే. సైకిలుకు రెండు వైపులా గెలలు వేలాడదీసి, మధ్యలో తాను కనిపించీ కనిపించకుండా నెట్టుకుంటూ వచ్చే రైతును వారు మరెక్కడా చూసి ఉండరు. నేల మీద వరుసలుగా నిలబెట్టిన గెలలను వ్యాపారి ఒక చేత్తో కాస్త వంచి, అత్తాలు (గెలలోని కాయల వరుసలు) ఎన్ని ఉన్నాయో, కాయ ఏ మేరకు ముదిరిందో చూపుతోనే అంచనా వేసి ధర చెబుతాడు. పక్క వరుసలో కూలీలు లారీలోకి గెలలు అందిస్తూ, కాయ ఒత్తుకోకుండా మధ్య మధ్య ఎండుటాకు పరుస్తుంటారు. కర్పూరం, తెల్ల చక్కెరకేళి, అమృతపాణి, కూరకు వాడే బొంత వంటి రకాలను పక్కపక్కన పెట్టి చూపితే, పట్నంలో ఒకే రకం అరటిపండు తిని పెరిగిన పిల్లలకు తేడా ఇట్టే తెలుస్తుంది. ఇక్కడ బేరమంతా గెలల మీద సాగుతుంది; డజను పండ్ల కోసం పెద్ద వ్యాపారిని నిలదీయకుండా, బయట చిల్లరగా అమ్మేవారి దగ్గర కొనుక్కోవాలి. గెల మోసుకొచ్చే మనిషికి అడ్డు నిలబడి ఫోటో తీయడం తగదు. అడిగి తీస్తే కాదనేవారు అరుదు.

తొమ్మిదిన్నర ప్రాంతంలో అక్కడి నుంచి కదిలి ర్యాలికి వెళ్లండి. జగన్మోహినీ కేశవస్వామి ఆలయం బయటి నుంచి చూస్తే మామూలుగానే ఉంటుంది. విశేషమంతా మూలమూర్తిలో ఉంది. ఒకే నల్లరాతిలో ముందువైపు చతుర్భుజుడైన కేశవుడు, వెనుకవైపు మోహిని. ముందు నుంచి నమస్కరించి వెనుదిరిగితే దర్శనం సగమే అయినట్టు. అర్చకులు దీపం పట్టి వెనుకవైపున మోహిని సిగముడినీ, చీర కుచ్చెళ్లనూ, కాలి మీది పుట్టుమచ్చనూ చూపుతూ చెప్పే వివరణను తొందరపెట్టకుండా వినాలి. స్వామి పాదాల దగ్గర నీరు ఎప్పుడూ ఊరుతూ ఉండడం ఇక్కడి మరో విశేషం. ఎదురుగానే ఉమాకమండలేశ్వరుడి గుడి ఉంది కనుక, శివకేశవులిద్దరి దర్శనమూ ఒక్క వీధిలోనే పూర్తవుతుంది.

పన్నెండు కొట్టేలోపు ఆత్రేయపురం చేరితే, ఎండ వేళ గడపడానికి అంతకంటే మంచి చోటు లేదు. 2023లో భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన పూతరేకులను అంగట్లో డబ్బా కొనడంతో సరిపెట్టకుండా, రేకు తీసే ఇంటికి తీసుకువెళ్లమని దుకాణదారునే అడగండి. ఒక పక్క తెరిచిన కుండను పొయ్యి మీద బోర్లించి, కింద కొబ్బరాకులతో మంట పెడతారు. పలుచగా రుబ్బిన బియ్యపు పిండి నీళ్లలో గుడ్డ ముంచి, కాలుతున్న కుండ మీద ఒక్కసారి వేసి లాగేసరికి, కన్నుమూసి తెరిచేలోగా ఉల్లిపొర లాంటి రేకు లేచి వస్తుంది. మంట కాస్త ఎక్కువైతే రేకు మాడుతుంది, తగ్గితే అంటుకుంటుంది. అందుకే ఆ స్త్రీల చేయి పిండి మీద ఉన్నా చూపు మంట మీదనే ఉంటుంది. ఆ వేడి దగ్గర మీరు పది నిమిషాలు నిలబడలేరు, వారు పూటంతా కూర్చుంటారు. ఈ సంగతి చూసినవారు ధర దగ్గర గీచిగీచి బేరమాడరు. నెయ్యి, పంచదార పొడి వేసినవి ఆ పూటే తినడానికీ, బెల్లం వేసినవి ఇంటికీ తీసుకోండి. పెట్టె మీద బరువు పెట్టనివ్వవద్దు.

భోజనం చేసి కాస్త నడుము వాల్చాక, కొత్తపేట మీదుగా దక్షిణానికి దిగాలి. దారిలో శనీశ్వర క్షేత్రమైన మందపల్లి మందేశ్వరస్వామికి నువ్వుల నూనెతో తైలాభిషేకం చేయించాలనుకునేవారు ర్యాలికి ముందే ఉదయం ఇక్కడికి వచ్చి వెళ్లాలి. దారి రెండుసార్లు తొక్కవలసి వచ్చినా తప్పదు. శనివారాలు, అందునా శని త్రయోదశి నాడు, ఇటు రాకండి. అయినవిల్లి సిద్ధివినాయకుడి గుడి దారిలోనే ఉంది. పరీక్షలు రాసే పిల్లలుంటే పెన్నులు స్వామి దగ్గర పెట్టించి తీసుకుంటారు, అరగంట సరిపోతుంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు చూడాలని ఉబలాటపడేవారు అయినవిల్లిని వదులుకుంటేనే వీలవుతుంది.

ముక్తేశ్వరం రేవులో పొద్దు వాలకముందే పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కి గౌతమి దాటితే కోటిపల్లి. నీరు ఎంతుందో, పంటు తిరుగుతున్నదో లేదో ఉదయమే ఫోనులో కనుక్కోవాలి. వరద రోజుల్లో దానిని ఆపేస్తారు, అప్పుడు ఎదుర్లంక వంతెన మీదుగా యానాం చుట్టి రావలసిందే. పంటు మీద పిల్లలను అంచుకు వెళ్లనివ్వకండి.

దీపాలు పెట్టే వేళకు ద్రాక్షారామం చేరాలి. భీమేశ్వరుడి లింగం ఎంత ఎత్తంటే గర్భాలయం రెండు అంతస్తులుగా ఉంటుంది. అభిషేకం పై అంతస్తులో జరుగుతుంది. మెట్లు ఎక్కలేనివారు కింది నుంచి దర్శనం చేసుకుని, శక్తిపీఠాల్లో ఒకటిగా పూజలందుకునే మాణిక్యాంబ అమ్మవారి సన్నిధిలో కూర్చోవచ్చు. తూర్పు చాళుక్యుల కాలపు ఈ కట్టడంలో స్తంభాల మీదా గోడల మీదా శాసనాలు వందల్లో ఉన్నాయి. ఫోను లైటును అక్షరాల మీద పక్కవాటుగా పట్టి చూపితే నీడలు పడి గీతలు స్పష్టమవుతాయి, తెలుగు చదవగలిగిన పిల్లలు ఒకటి రెండు అక్షరాలు గుర్తుపడతారు కూడా.

తిరుగు ప్రయాణం రామచంద్రపురం, మండపేట మీదుగా పెట్టుకుంటే దారి సుఖంగా ఉంటుంది. మండపేట దగ్గర కొద్దిగా పక్కకు తిరిగితే తాపేశ్వరం. దుకాణాలు కట్టేలోపు చేరగలిగితే మడత కాజా అడగండి. పాకంలోంచి అప్పుడే తీసినవి ఉంటే అవే తీసుకుని, కాగితంలో కాకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టించండి, లేకపోతే పాకమంతా వాహనం సీట్లకు అంటుకుంటుంది.