విదేశాల నుంచి వచ్చి విశాఖలో ఉద్యోగంలో చేరినవారికి: మొదటి మూడు నెలలు

గల్ఫ్ నుంచో, సింగపూర్ నుంచో, అమెరికా నుంచో వచ్చి విశాఖలో ఉద్యోగంలో చేరినవాళ్లకు మొదటి రోజు నుంచే ఒక ఆరాటం ఉంటుంది. ఇంత దూరం వచ్చాం, మనమేంటో త్వరగా తెలియాలని. ఆ ఆరాటంలో ఎక్కువ మాట్లాడేస్తారు, అక్కడి పద్ధతులన్నీ చెప్పుకొస్తారు, రెండో వారానికే మార్పులు సూచిస్తారు. మూడో నెల వచ్చేసరికి పక్క సీటువాళ్లు ముక్తసరిగా మాట్లాడుతుంటారు. ప్లాంటైనా, పోర్టైనా, సాఫ్ట్‌వేర్ ఆఫీసైనా ఇక్కడ మనిషికి పేరొచ్చే దారి వేరు. "ఆయన చేతి నుంచి పని వచ్చిందంటే మళ్లీ చూసుకోనక్కర్లేదు" అని మీ తర్వాతి మనిషి అనాలి. ఆ మాట సంపాదించుకోవడానికీ, సంపాదించుకునేలోపు మనసు కుంగకుండా ఉండడానికీ ఈ సూచనలు.

ముందు ఇల్లు, కాగితాలు

పని చోటు తేలకుండా ఇల్లు తీసుకోవద్దు. విశాఖ పొడవాటి ఊరు. ఆఫీసు రుషికొండ ఐటీ కొండల మీదైతే మధురవాడ, పీఎం పాలెం, ఎండాడల్లో చూడండి. స్టీల్ ప్లాంటు, దువ్వాడ సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి), పరవాడ ఫార్మా సిటీ వైపైతే గాజువాక, కూర్మన్నపాలెం మేలు. అచ్యుతాపురం సెజ్‌కి వెళ్లేవాళ్లు అనకాపల్లి కూడా చూడొచ్చు. సముద్రం కనిపిస్తుందని బీచ్ రోడ్డులో ఇల్లు తీసుకుని రోజూ పరవాడ వెళ్లొస్తే రెండు నెలలు తిరక్కుండానే ఒంట్లో సత్తువ పోతుంది. అలసటతో వచ్చే చిరాకును చాలామంది ఉద్యోగం మీద విరక్తి అనుకుంటారు.

కాగితాల్లో చిక్కొచ్చేది పేరు దగ్గరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు అసలు పేరు తర్వాతకు వెళ్లిపోతుంది. పీఎఫ్‌కి ఇచ్చే 12 అంకెల యూఏఎన్ ఆధార్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి, పేర్లు కలవకపోతే ఈ రోజు ఏమీ అనిపించకపోయినా డబ్బు తీసుకునే రోజున ఆగిపోతుంది. చేరిన వారంలోనే మూడు కార్డులూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చేది) మీద వచ్చినవాళ్లకు ఆధార్ కావాలంటే గత 12 నెలల్లో కనీసం 182 రోజులు ఇక్కడ ఉండాలి. ఆ సంగతి హెచ్‌ఆర్‌కి ముందే చెప్పి జీతం ఎలా వేస్తారో తేల్చుకోండి. ఎన్ఆర్ఈ ఖాతా (విదేశంలో ఉండేవాళ్ల కోసం ఇక్కడి బ్యాంకు ఇచ్చేది) ఉన్నవాళ్లు స్థిరపడడానికే వచ్చామని బ్యాంకుకు తెలియజేసి దాన్ని మామూలు ఖాతాగా మార్పించుకోవాలి. మొదటి జీతం స్లిప్‌లో పీఎఫ్ కోత బేసిక్, డీఏల మీద 12 శాతం ఉంటుంది. జీతం 20,000 దాటితే వృత్తి పన్ను నెలకు 200. ఈ రెండూ చూసి కంగారు పడక్కర్లేదు.

పిలుపులు

అక్కడ మేనేజర్‌నైనా పేరు పెట్టి పిలవడం అలవాటై ఉంటుంది. ఇక్కడ మీకంటే పదేళ్లు పెద్దవాడైన ఆపరేటర్‌ని, ఆయన మీ కిందే పనిచేస్తున్నా సరే, వట్టి పేరుతో పిలిస్తే ఆ రోజుతో ఆయన మీకేమీ నేర్పడు. పేరు పక్కన గారు ఉండాలి. సీనియర్లకు సార్, మేడమ్. కాంట్రాక్టు పనివాళ్లలో వయసును బట్టి అన్న, అక్క, బాబు, అమ్మ. ఇంకో సంగతి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది. "ఏటి, బావున్నావా?" అని నువ్వుతో పలకరిస్తే చిన్నచూపు అనుకోకండి. అది దగ్గరితనం. మీరు మాత్రం మీరు అనే అంటూ ఉండండి.

"అక్కడ మేం ఇలా చేసేవాళ్లం" అన్న మాట మొదటి నెల రోజులు నోట రానివ్వద్దు. అక్కడి పద్ధతి మంచిదే కావచ్చు. కానీ ఇక్కడ అది ఎందుకు లేదో మీకింకా తెలియదు. బడ్జెట్ లేకపోవచ్చు, యంత్రం పాతది కావచ్చు, ఒకసారి చేసి దెబ్బతిని ఉండొచ్చు. ముందు "ఇది ఇలా ఎందుకు చేస్తామండీ?" అని పని చేసేవాళ్లను అడగండి. సమాధానాలు ఓ చిన్న పుస్తకంలో రాసుకోండి. నెల తర్వాత సూచన చేయాలనిపిస్తే, ఎవరు ఆ పని చేస్తున్నారో వాళ్లతో ముందు మాట్లాడి, వాళ్ల పేరు కలిపి చెప్పండి. ఒక్కటే సూచన, చిన్నది, రెండు వారాల్లో ఫలితం కనపడేది.

"చూద్దాం లెండి"

ఈ మాట అర్థం కాక నష్టపోయినవాళ్లు ఎక్కువ. మన ఆఫీసుల్లో ముఖం మీద కాదనడం మర్యాద కాదు. అందుకే "చూద్దాం లెండి" అంటే చాలాసార్లు కాదనే. "ట్రై చేస్తానండి" అంటే మీరు మళ్లీ అడిగితే తప్ప జరగదు. "అయిపోయిందండి" అంటే నిజంగా అయిపోయి ఉండొచ్చు, సాయంత్రానికి అవుతుందనీ కావచ్చు. దీనికి కోప్పడితే మీరే ఒంటరివారవుతారు. ప్రశ్న మార్చండి. "అయిందా?" అనొద్దు. "నా చేతికి ఎన్నింటికి వస్తుంది? మధ్యలో మీకేమైనా అడ్డముందా?" అనండి. అడ్డం ఉంటే అప్పుడు చెబుతారు, ఎందుకంటే మీరు కాదనే దారిని వాళ్లకు గౌరవంగా ఇచ్చారు. మాట అయ్యాక రెండు వరుసల మెసేజ్ పెట్టండి: ఏం అనుకున్నాం, ఎప్పటికి.

మీ వంతు వచ్చినప్పుడు మాత్రం చూద్దాం అనకండి. "ఈ రోజు కాదండీ, గురువారం మధ్యాహ్నం మూడింటికి ఇస్తాను" అనండి, ఇచ్చేయండి. పది రోజులు ఇలా చేస్తే చాలు, మీ మాటకు విలువ వస్తుంది.

పని అప్పగించడం

అసలు సంగతి ఇది. ప్లాంట్లలో ఎక్కువగా మూడు షిఫ్టులు: ఉదయం 6 నుంచి 2 వరకు ఏ, 2 నుంచి రాత్రి 10 వరకు బి, 10 నుంచి ఉదయం 6 వరకు సి. షిఫ్టు మారే ఆ పది పదిహేను నిమిషాల్లోనే మంచి ఉద్యోగి ఎవరో తెలిసిపోతుంది. బస్సు తొందరలో, తర్వాతి షిఫ్టుకు వచ్చిన రిలీవర్‌కి "అంతా ఓకే" అని చెప్పి వెళ్లిపోయేవాళ్లు కోకొల్లలు. లాగ్‌బుక్‌లో ఇలాంటి వరుస ఉంటుంది:

"పంప్ 2 సౌండ్ వస్తోంది. చూడాలి."

ఇది చదివిన రిలీవర్‌కి ఏం తెలిసింది? ఎప్పటినుంచి, ఎక్కడ, ఎవరికి చెప్పారు, ఇప్పుడది నడుస్తోందా ఆగిందా, ఏదీ తెలియదు. మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. అదే విషయం ఇలా రాయండి:

"పంప్ 2: రాత్రి 11:40 నుంచి మోటార్ వైపు బేరింగ్ దగ్గర శబ్దం. బేరింగ్ వేడి 12కి 68, 2కి 74, 4కి 79 డిగ్రీలు. 4:10కి స్టాండ్‌బై పంప్ 3కి మార్చాం. 4:20కి మెయింటెనెన్స్‌కి ఫోన్ చేశాం, ఉదయం ఏ-షిఫ్టులో వస్తామన్నారు. పంప్ 2కి కరెంటు ఇంకా తీయలేదు. పర్మిట్ తీసుకుని, లాక్, ట్యాగ్ వేశాకే ముట్టుకోవాలి."

ఎక్కువ సమయమేం పట్టదు, మూడు నిమిషాలు. ఇందులో ఐదున్నాయి: ఎప్పుడు మొదలైంది, ఎంత పెరిగింది, మనం ఏం చేశాం, ఎవరికి చెప్పాం, ఏది ఇంకా మిగిలింది. చివరిది మరిచిపోతే ప్రాణం మీదికి వస్తుంది. కరెంటు తీసేశారనుకుని ఫిట్టర్ చెయ్యి పెడతాడు. పర్మిట్ అంటే పని మొదలుపెట్టడానికి రాతపూర్వక అనుమతి. లాక్, ట్యాగ్ అంటే ఎవరూ కరెంటు వేయకుండా స్విచ్చికి వేసే తాళం, హెచ్చరిక చీటీ. అందుకే మిగిలిన పనిని పుస్తకంలో రాయడంతో పాటు రిలీవర్‌కి నోటితో చెప్పండి, వీలైతే యంత్రం దగ్గరికి తీసుకెళ్లి చూపించండి, ఆయన తిరిగి చెప్పేదాకా ఆగండి. రీడింగులు అంచనాగా నింపకండి. చూడని గంట దగ్గర చూడలేదనే రాయండి. ఒక్కసారి తప్పుడు రీడింగు దొరికితే మీరు నిజంగా తీసిన వందనీ ఎవరూ నమ్మరు.

ఆఫీసు పనికీ ఇదే పద్ధతి. సమస్య నమోదు చేసే టికెట్‌లో "చెక్ చేశాను, మళ్లీ రావట్లేదు" అని మూసేయకండి. ఏ దశల్లో ప్రయత్నించారు, ఏం కనపడింది, ఏది వదిలేశారు అని రాయండి. అమెరికా క్లయింటుతో పనిచేసే చోట విదేశం నుంచి వచ్చినవాళ్లు తేలిగ్గా ఉపయోగపడే విషయం ఒకటుంది. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కు మారుతుంది. న్యూయార్క్‌లో ఉదయం 8 అంటే మనకు వేసవిలో సాయంత్రం 5:30, చలికాలంలో 6:30. ఆ రెండు వారాల్లో మీటింగులు తప్పిపోవడం మామూలే. ముందు శుక్రవారమే కొత్త వేళలతో టీమ్‌కి ఓ మెసేజ్ పెట్టండి. మీకు తెలిసింది గొప్పగా చెప్పుకోకుండానే పదిమందికి పనికొస్తుంది.

శుక్రవారం మూడు వరుసలు

ప్రతి శుక్రవారం ఇంటికి బయల్దేరే ముందు మూడు వరుసలు రాసుకోండి: ఏం పూర్తి చేశాను, ఎవరికి ఉపయోగపడింది, అంకె ఏమిటి. "సరుకు లెక్క తేడా వెతికి పట్టాను, స్టోర్స్‌వాళ్లకు, 14 వస్తువులు" లాగా. చాలా కంపెనీల్లో లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు. అప్రైజల్ ఫారం చేతికొచ్చినప్పుడు ఎవరికీ గత జూన్ గుర్తుండదు, మీకు ఉంటుంది. ప్రొబేషన్ ముగిసేటప్పుడూ ఇదే కాగితం పనికొస్తుంది. అంతకంటే పెద్ద లాభం మరోటుంది. ఏమీ సాధించలేదని మనసు అనే రోజున తిరగేస్తే అది నిజం కాదని కంటికి కనిపిస్తుంది.

మనసు సంగతి

విదేశం నుంచి వచ్చినవాళ్లను ఎక్కువగా కుంగదీసేది జీతాన్ని డాలర్లలోకో దినార్లలోకో మార్చి చూసుకోవడం. నెలాఖరున ఆ లెక్క వేయకండి. ఇక్కడి జీతాన్ని ఇక్కడి అద్దెతో, బడి ఫీజుతో, అమ్మానాన్నల మందుల ఖర్చుతో పోల్చండి.

రెండోది ప్రశ్నలు. "ఎందుకు వచ్చేశారు? అక్కడ ఎంత వచ్చేది? ఇంటిపేరేంటి?" మొదటిదానికి ఒక్క వాక్యం సిద్ధంగా ఉంచుకోండి: "పెద్దవాళ్లకు దగ్గరగా ఉందామనండీ." అందరికీ అదే చెప్పండి. జీతం గురించి "గడిచిపోయిందండీ" చాలు. ఇంటిపేరు ప్రశ్న వెనక ఏముందో మీకూ తెలుసు. పేరు చెప్పి మాట పని మీదికి మళ్లించండి. వివరణలు మొదలుపెడితే ఏదో ఒక జట్టులో చేరిపోతారు.

టీ కొట్టు దగ్గరికి వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. సగం పని అక్కడే తెలుస్తుంది. మాట మనుషుల మీదికి మళ్లగానే గ్లాసు పెట్టేసి లేవండి. మధ్యాహ్నం భోజనం మాత్రం ఒంటరిగా ఫోన్ చూస్తూ తినొద్దు. క్యారియర్ విప్పి పక్కవాళ్లకు ఓ గరిటె కూర వడ్డించిన చోట నెల తిరక్కుండా స్నేహం కుదురుతుంది.

సి షిఫ్టు కొత్తైతే రాత్రి ఒంటిగంటకు కడుపునిండా అన్నం తినకండి, మూడింటికి కళ్లు మూతలు పడతాయి. బయల్దేరే ముందు ఇంట్లో తిని, మధ్యలో రెండు ఇడ్లీలో అరటిపండో చాలు. చివరి టీ రాత్రి రెండు గంటలు దాటకుండా తాగండి. లేదంటే పొద్దున పడుకున్నా నిద్ర పట్టదు. పడుకునే గదికి దళసరి ముదురు కర్టెన్ కట్టండి. మొదటి వారం బండి వద్దు. నిద్రకళ్లతో ఉదయం ఆరింటికి గాజువాక దగ్గర హైవే మీద ట్రెయిలర్ల మధ్య నడపడం ప్రమాదం. కంపెనీ బస్సెక్కండి.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, ఉదయం లేవగానే గుండెలో బరువుంటే, ఉత్సాహం తెచ్చుకోమనే మాటలతో సరిపెట్టుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు పడదు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. బాధకు కారణం మీ మనసు కాక ఎవరి వేధింపో అయితే దారి వేరు. పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోటా మహిళల లైంగిక వేధింపు ఫిర్యాదులకు 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదు ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తేదీలు, మెసేజ్‌లు దాచి ఉంచండి.

సెలవుల క్యాలెండర్

ఈ ఊరి పండుగలు తెలియకపోతే మీటింగు పెట్టి మీరొక్కరే కూర్చుంటారు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. చతుర్దశి మధ్యాహ్నం తొలిపావంచా (కొండ కింద తొలి మెట్టు) నుంచి మొదలై హనుమంతవాక, ఎంవీపీ, ఎన్‌ఏడీ మీదుగా రాత్రంతా జనం నడుస్తారు, ఆ రోడ్లు కదలవు. వైశాఖ శుద్ధ తదియ సింహాచలంలో చందనోత్సవం. మార్గశిర మాసం గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారివి. దసరా వెళ్లిన తర్వాతి మంగళవారం విజయనగరం పైడితల్లి సిరిమాను. సంక్రాంతికి సగం మంది పల్లెల్లో ఉంటారు. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. దాని విన్యాసాలు ఆర్కే బీచ్‌లో జరిగినప్పుడు ఆ వైపు దారులు మళ్లిస్తారు. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. కాబట్టి ఆ రెండు నెలలకు గడువులు పెట్టేటప్పుడు మూడు నాలుగు రోజుల వెసులుబాటు ఉంచుకోండి.

ఇవన్నీ గోడ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, మీకు అంత పట్టింపు లేని ఒక పండుగ ఎంచుకోండి. నెల ముందే, ఊరెళ్లాలని తహతహలాడుతున్న ఒకరి షిఫ్టు మీరు చేస్తానని చెప్పండి. ఒక్కటే, అన్నీ కాదు. అన్నిటికీ ఒప్పుకుంటే మరుసటి ఏడాది ఎవరూ అడగరు, మీ పేరే వేసేస్తారు. మార్పిడి నోటిమాటతో వదలకుండా ఇద్దరూ సంతకం చేసి షిఫ్ట్ ఇన్‌చార్జికి ఇవ్వండి. బదులుగా మీకు ఏ రోజు కావాలో ఆ కాగితంలోనే రాయండి.